జీతం పెంచినా స్టాఫ్ ఎందుకు మానేస్తున్నారు?

మీరు అడిగింది ఇదీ. హనుమకొండలో డయాగ్నొస్టిక్ సెంటర్ నడుపుతున్నారు, స్టాఫ్ 24 మంది. రెండేళ్లలో తొమ్మిది మంది మానేశారు. జీతాలు తక్కువేమో అనుకుని తలా రూ. 1,500 పెంచారు. పెంచాక కూడా ఇద్దరు వెళ్లిపోయారు. ఇప్పుడు నాలుగేళ్ల ఏడు నెలలుగా మీ దగ్గరున్న సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్ రాజీనామా ఇచ్చింది. అందరి లెటర్లలోనూ 'వ్యక్తిగత కారణాల వల్ల' అనే ఒక్క మాటే ఉంది. అసలు మనుషులు ఉద్యోగం ఎందుకు మానేస్తారు, నిజమైన కారణం ఎలా తెలుస్తుంది అన్నది మీ ప్రశ్న.

నేను 1997లో వరంగల్ దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లు టైమ్ ఆఫీసులో క్లర్క్‌గా చేరాను. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ వ్యవహారాలు చూశాను. పదహారేళ్లుగా సొంతంగా పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) పనులు చేసుకుంటున్నాను. ఉద్యోగం మానేసిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు పీఎఫ్ డబ్బుల కోసం నా టేబుల్ ముందుకు వస్తాడు. ఫారం నింపుతూ 'ఎందుకు మానేశావు' అని అడుగుతాను. అప్పటికి పాత ఓనరుతో అతనికి పని ఉండదు, భయమూ ఉండదు. కాబట్టి నిజం చెబుతాడు. ఇన్నేళ్లలో అలా విన్నవే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక మాట. రాజీనామా ఇచ్చిన రోజు వేరు, మనసు విరిగిన రోజు వేరు. ఆ రెండింటి మధ్య మూడు నెలలు ఉండొచ్చు, ఏడాది కూడా ఉండొచ్చు. ఓనర్లందరూ రాజీనామాకు ముందు వారం ఏం జరిగిందా అని వెతుకుతారు. అక్కడ ఏమీ దొరకదు. దొరక్కపోయేసరికి 'ఎక్కడో ఎక్కువ జీతం ఇస్తున్నట్టున్నారు' అని సరిపెట్టుకుంటారు.

మిల్లులో ఒక ఫిట్టర్ ఉండేవాడు. నూలు వడికే రింగ్ ఫ్రేమ్ ఆగిందంటే అతనే రావాలి, అంత పనిమంతుడు. ఉగాది వెళ్లిన కొత్తలో వాళ్ల పెద్దబాపు (తండ్రికి అన్న) చనిపోయాడు. దినవారాలకు రెండు రోజులు లీవు అడిగాడు. సూపర్‌వైజర్ ఒక రోజే ఇచ్చాడు. ఇస్తూ షిఫ్టు మారే వేళ పది మంది ముందు, "చచ్చింది మీ బాపు కాదు గదా" అన్నాడు. ఫిట్టర్ ఏమీ మాట్లాడలేదు. ఒక్క రోజే వెళ్లి వచ్చాడు. ఆ తర్వాత ఆరు నెలలు ఎప్పటిలాగే పని చేశాడు. దసరా బోనస్ చేతికొచ్చిన నాలుగో రోజున 'ఆరోగ్యం బాగా లేదు' అని కాగితం ఇచ్చి వెళ్లిపోయాడు. బోనస్ కోసమే ఆగాడని, డబ్బు మనిషని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత పీఎఫ్ పెన్షన్ ఫారం కోసం వచ్చినప్పుడు అడిగితే చెప్పాడు. చిన్నప్పుడే తండ్రి పోతే పెంచి, ఐటీఐ దాకా చదివించింది ఆ పెద్దబాపే. "ఆ మాట అన్నరోజే అయిపోయింది సార్. పోవుడు ఎప్పుడన్నదే చూసుకున్న" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి నేను రాజీనామా తేదీని వేరేలా చూస్తున్నాను. ఇంట్లో పరిస్థితి ఎప్పుడు ఒప్పుకుంటే మనిషి అప్పుడు మానేస్తాడు. దసరా బోనస్ తర్వాత, పిల్లల పరీక్షలు అయ్యాక, చెల్లె పెళ్లి అయ్యాక, బంగారం మీద తెచ్చిన అప్పు తీరాక. మీ దగ్గర మానేసిన తొమ్మిది మంది తేదీలు ఒక కాగితం మీద రాసి చూడండి. ఏప్రిల్, మే నెలల్లోనో దసరా వెనుకో ఎక్కువ మంది కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది వాళ్లకు వీలు కుదిరిన నెల. కారణం దానికి చాలా ముందు ఉంటుంది.

ఇక కారణాల దగ్గరికి వద్దాం.

నేను విన్నవాటిలో అన్నిటికంటే ఎక్కువ సార్లు విన్నది మాట పడటం గురించి. పని ఎక్కువైతే జనం ఓర్చుకుంటారు. రాత్రి పొద్దుపోయేదాకా ఉంచినా ఓర్చుకుంటారు. నలుగురి ముందు తీసిపారేసినట్టు మాట్లాడితే మాత్రం ఓర్చుకోరు. మా వైపు దానికి ఒకటే మాట, "ఇజ్జత్ పోయింది". ఆసుపత్రిలో పనిచేసేటప్పుడు చూశాను, పేషెంట్ బంధువుల ముందు తిట్లు తిన్న నర్సులు ఏడాది తిరిగేలోపే ఏదో ఒక వంకతో వెళ్లిపోయేవాళ్లు. అదే తిట్టు గది లోపల, తలుపు వేసి తిట్టిన డాక్టరు దగ్గర మాత్రం ఎనిమిదేళ్లు చేసినవాళ్లున్నారు. మీ సెంటర్‌లో రిపోర్టు ఆలస్యమైనప్పుడు కౌంటర్ దగ్గర ఎవరు ఎవరిని ఏమంటున్నారో గమనించండి. చాలా చోట్ల ఓనరు మంచివాడే ఉంటాడు, ఆయన లేనప్పుడు మేనేజరు అనే మాటలు ఆయన దాకా రావు. స్టాఫ్ కూడా చెప్పరు. చెబితే చాడీలు చెప్పినట్టవుతుందని ఊరుకుంటారు.

జీతం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు పెంచి కూడా నష్టపోయారు.

జీతం ఎంత అన్నదానికంటే పక్కవాడికి ఎంత అన్నది ఎక్కువ బాధిస్తుంది. మనుషులు దొరకని సమయంలో కొత్తవాళ్లను ఎక్కువ జీతానికి తీసుకుంటాం. మూడేళ్ల నుంచి ఉన్న అమ్మాయి పదిహేను వేల దగ్గరే ఉంటుంది, నిన్న వచ్చిన అబ్బాయికి పదహారున్నర. పని నేర్పించాల్సింది మళ్లీ ఆ అమ్మాయే. చిన్న సెంటర్లలో జీతాలు దాగవు. మీరు అందరికీ సమానంగా 1,500 పెంచారు, అంటే ఆ తేడా అలాగే ఉండిపోయింది. పాతవాళ్లకు అది పెంపులా అనిపించి ఉండదు. మీరు పెంచే ముందు ఎవరు ఎప్పుడు చేరారో, ఎవరికి ఎంతో ఒక పట్టిక వేసుకోవాల్సింది.

రెండోది తేదీ. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఏదో ఒక ఈఎంఐ ఉంది. బండిదో ఫోనుదో, మహిళా సంఘం కిస్తీయో. చాలావరకు నెల మొదటి వారంలోనే బ్యాంకు నుంచి కట్ అవుతాయి. మీరు జీతం పదో తేదీన వేస్తే, ఐదో తేదీన ఖాతాలో డబ్బు లేక బ్యాంకు జరిమానా పడుతుంది. ఐదొందల జరిమానా కట్టిన మనిషికి, దాని వెంట వచ్చే రికవరీ ఫోన్లు ఎత్తిన మనిషికి మీ ఆలస్యం అయిదు రోజులుగా అనిపించదు. పైగా మన ప్రాంతానికి ఒక పాత గాయం ఉంది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజం జాహి బట్టల మిల్లు 2002లో పూర్తిగా మూతపడింది. కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీలో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. ఆ కార్మికుల పిల్లలే ఇప్పుడు మీ దగ్గర, నా క్లయింట్ల దగ్గర పనిచేస్తున్నారు. జీతం రెండు నెలలు వరుసగా ఆలస్యమైందంటే వాళ్ల ఇంట్లో తల్లి ముందుగా అడిగే ప్రశ్న "కంపెనీ మూసేస్తరా బిడ్డా" అని. అది మీకు అతిగా అనిపించొచ్చు. ఆ ఇళ్లలో అది అనుభవం.

మూడోది చాలామంది ఓనర్లకు తెలియదు. నెల జీతం రూ. 21,000 దాకా ఉన్నవాళ్లకే ఈఎస్ఐ వర్తిస్తుంది. ఉద్యోగి కట్టేది 0.75 శాతం, మీరు కట్టేది 3.25 శాతం. నా క్లయింట్ ఒకరి దగ్గర రూ. 20,200 తీసుకునే మనిషి ఉండేవాడు. ఒక జూన్‌లో ఆయన సంతోషంగా 1,500 పెంచాడు. జీతం 21,700 అయింది. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి వరకు ఇంకొకటి. మధ్యలో జీతం దాటినా ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాలి, దానికి తగిన వైద్యం తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా అందుతుంది. అంటే ఆ మనిషికి మరుసటి ఏడాది జూన్ 30తో ఈఎస్ఐ ఆగిపోతుంది. అతని తండ్రికి వారానికి రెండు సార్లు డయాలసిస్, అది నడుస్తున్నది ఈఎస్ఐ మీదే. నెలకు 1,500 వచ్చింది కానీ, ఆ డయాలసిస్ ఖర్చు నెత్తిన పడబోతోంది. మే నెలలో అతను 20,500కు వేరే చోట చేరాడు. 'పెంచి నెత్తిన పెట్టుకున్నా పోయాడు, తక్కువ జీతానికి పోయాడు, వీడికి విశ్వాసం లేదు' అని ఓనరు నా దగ్గర బాధపడ్డాడు. నేను విషయం చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. ముందే అడిగి ఉంటే ఆ మనిషికి కుటుంబం మొత్తానికి ఒక ఆరోగ్య బీమా తీసిచ్చేవాడు, అంత మంచివాడు. అడగాలని తెలియలేదు. మీరు 1,500 పెంచిన తర్వాత వెళ్లిన ఆ ఇద్దరి జీతం పెంపుకు ముందు ఎంతో ఒకసారి చూడండి. 19,500కూ 21,000కూ మధ్య ఉంటే ఈ కోణంలో ఆలోచించండి.

ఇంకొకటి, మీ లైన్‌కే సంబంధించినది. హోమ్ కలెక్షన్‌కు వెళ్లే కుర్రాళ్లకు పెట్రోల్ డబ్బులు ఎంత ఇస్తున్నారు, ఎప్పుడు నిర్ణయించారు? పొద్దున్నే అయిదున్నరకు హంటర్ రోడ్డులో ఒక శాంపిల్, ఆరింటికి కాజీపేటలో ఇంకొకటి, అక్కడి నుంచి హసన్‌పర్తి. బండి అతనిది, టైర్లు అతనివి. నెల చివర లెక్క చూసుకుంటే చేతి డబ్బులు పెట్టి మీ పని చేసినట్టు తేలుతుంది. అలాంటి అబ్బాయి 'వ్యక్తిగత కారణాలు' అని రాస్తే అబద్ధం రాసినట్టు కాదు.

ఇంటి సంగతులు. మన దగ్గర ఉద్యోగం మానేయాలా వద్దా అన్నది ఒక్క మనిషి తీసుకునే నిర్ణయం కాదు. భార్య, తల్లిదండ్రులు, అత్తమామలు, కొన్నిసార్లు మేనమామ, అందరూ కూర్చుని తేలుస్తారు. కాబట్టి మీ దగ్గరున్న మనిషికి పని నచ్చినా ఇంట్లో నచ్చకపోతే నిలవదు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. సాయంత్రం షిఫ్టు ఎనిమిదిన్నరకు అయిపోతుందని చెప్పి తొమ్మిదిన్నరకు పంపితే, నాలుగో రోజు ఇంట్లో మాట మొదలవుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట నుంచి రోజూ హనుమకొండ వచ్చి పనిచేసే అమ్మాయిలు ఆ తర్వాత నా రిజిస్టర్లలో బాగా పెరిగారు. వాళ్లను తీసుకున్న ఓనర్లకు నేను చెప్పేది ఒక్కటే, ఊరి చివరి బస్సు ఎన్నింటికో మీకు తెలిసి ఉండాలి. ఆ బస్సు తప్పిన రాత్రి తండ్రి బండేసుకుని చలిలో వచ్చి బస్టాండ్ దగ్గర నిలబడితే, ఆ ఉద్యోగం ఇక ఎక్కువ రోజులు ఉండదు.

ప్రసవం దగ్గర జరిగే తప్పు గురించి నాకు చాలా బాధ ఉంది. ఎంతోమంది మంచి టెక్నీషియన్లు, నర్సులు, అకౌంటెంట్లు ఏడో నెలలో రాజీనామా రాసిచ్చి వెళ్తుంటారు. 'మళ్లీ వీలైనప్పుడు రామ్మా' అని ఓనరు ప్రేమగానే పంపుతాడు. ఈఎస్ఐలో ఉన్న అమ్మాయికి, దానికి ముందు రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉంటే, 26 వారాల జీతం ఈఎస్ఐ సంస్థే ఇస్తుంది. ఓనరు జేబులోంచి ఒక్క రూపాయి పోదు. మూడో కాన్పు అయితే 12 వారాలు. ఈఎస్ఐ దాటిన జీతమైతే చట్టం ప్రకారం ఓనరే ఇవ్వాలి. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలియదు, ఓనరు తెలుసుకోలేదు. రాజీనామా బదులు లీవు అప్లికేషన్ రాయించి ఉంటే ఆరు నెలల తర్వాత ఆమె తిరిగి వచ్చేది. మీ తొమ్మిది మందిలో ఇలాంటివారు ఒక్కరైనా ఉంటారని నాకు అనిపిస్తోంది. ఉంటే ఫోన్ చేయండి. పాప పెద్దదై ఉంటుంది, రావడానికి సిద్ధంగా ఉందేమో.

ప్రభుత్వ ఉద్యోగం కోసం మానేసేవాళ్లు మన ప్రాంతంలో ప్రత్యేకమైన వర్గం. 2022 మార్చి 9న అసెంబ్లీలో 80,039 పోస్టులు భర్తీ చేస్తామని ప్రకటన వచ్చింది. ఆ ఎండాకాలం నా ఆఫీసుకు వచ్చినన్ని పీఎఫ్ ఫారాలు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. పీఎఫ్ తీసి కోచింగ్ ఫీజు, హాస్టల్, స్టడీ హాల్ అద్దె కట్టారు. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. 503 పోస్టుల గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు, పేపర్ లీక్ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. రెండేళ్లు స్టడీ హాల్లో కూర్చున్న పిల్లల్లో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. 2024లో 11,062 పోస్టుల డీఎస్సీ ద్వారా టీచర్లయినవాళ్లు స్వీట్లు పట్టుకుని వచ్చారు. రానివాళ్లు ముప్పై దాటి, చేతిలో పీఎఫ్ కూడా లేకుండా, మానేసిన జీతం కంటే తక్కువకు మళ్లీ చేరారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ ఉద్యోగంలో భద్రత ఉంది, పెళ్లి సంబంధాల దగ్గర విలువ ఉంది, ముసలితనంలో ధీమా ఉంది. మీరు ఇవ్వలేనివి అవి. మీరు ఇవ్వగలిగింది వేరే ఉంది. పరీక్షకు ముందు రెండు నెలలు జీతం లేని లీవు. పుస్తకం పట్టుకున్నవాడిని రాజీనామా చేయనివ్వకుండా అలా లీవు మీద పంపండి. ఆ ఉద్యోగం వస్తే అతని అదృష్టం, రాకపోతే మీ మనిషి మీ దగ్గరికే వస్తాడు, కొత్తవాడికి పని నేర్పే బాధ తప్పుతుంది. నా క్లయింట్లలో ఇద్దరు ఇలా చేస్తున్నారు. ఇద్దరి దగ్గరా మనుషులు నిలిచారు.

సింగరేణి కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలది ఇంకో దారి. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకుకు ఉద్యోగం వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నవాడు కూడా అది వదిలి బదిలీ వర్కర్‌గా (డ్యూటీకి రానివాళ్ల స్థానంలో పనిచేసే కార్మికుడిగా) చేరతాడు. దాన్ని మీరు ఆపలేరు, ఆపాలనుకోకూడదు కూడా. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ వీసా వచ్చిందని మానేసేవాళ్లదీ అంతే. పొలం ఉన్నవాళ్లు పత్తి ఏరే కాలంలో నెల రోజులు మాయమైతే దాన్ని రాజీనామాగా లెక్కపెట్టకండి, కూలీలు దొరక్క వెళ్తారు, తిరిగి వస్తారు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు, సద్దుల బతుకమ్మకు, దసరాకు లీవు ఇవ్వననే మాట మాత్రం ఈ జిల్లాల్లో ఎవరూ అనకూడదు. జాతరకు మొక్కు ఉన్న మనిషిని ఆపితే ఆ ఇంట్లో ఆ ఏడాది ఏ కష్టం వచ్చినా మీ పేరు గుర్తొస్తుంది. ముందుగానే ఎవరు ఏ రోజు వెళ్తారో చార్టు వేసుకుంటే సరిపోతుంది.

చదువుకున్న స్టాఫ్ విషయంలో నేను ఆలస్యంగా గ్రహించిన కారణం ఒకటుంది. వాళ్లు నేర్చుకోవడం ఆగిపోయినప్పుడు పోతారు. ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదివిన అమ్మాయి మొదటి ఏడాది బ్లడ్ డ్రా చేస్తుంది, రెండో ఏడాది పరీక్షలు చేసే మెషీను, అనలైజర్ మీద కూర్చుంటుంది. నాలుగో ఏడాదిలోనూ అదే అనలైజర్, అదే సీబీపీ (రక్తకణాల పరీక్ష), అదే షుగర్. కల్చర్ సైడ్ (శాంపిల్‌లోని క్రిములను పెంచి చూసే పరీక్షలు) నేర్పించమంటే 'నీకెందుకు, ఇక్కడ ఎవరు చూస్తారు' అంటారు. తనతో చదివిన అమ్మాయి హైదరాబాద్‌లో పెద్ద ల్యాబ్‌లో క్వాలిటీ కంట్రోల్ చూస్తోందని ఫోన్‌లో వింటుంది. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ 132 కిలోమీటర్లే. హైదరాబాద్‌లో అద్దె, మెస్ ఖర్చులు పోగా మిగిలేది ఇక్కడికంటే తక్కువే అని తెలిసి కూడా వెళ్తారు. నా సొంత అభిప్రాయం, అలా వెళ్లేవాళ్లు వెళ్లడమే న్యాయం. ఇరవై ఆరేళ్ల మనిషికి పని వచ్చే వయసు అది. మీరు నేర్పించగలిగితే ఇక్కడే ఉంటారు, నేర్పించలేకపోతే దీవించి పంపాలి.

పంపడం గురించి కూడా చెప్పాలి. వెళ్లిపోయే మనిషిని మీరు ఎలా పంపుతున్నారో ఉన్నవాళ్లందరూ చూస్తుంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని రెండు నెలలు తిప్పడం, రిలీవింగ్ లెటర్‌కు 'తర్వాత రా' అనడం, చివరి నెల జీతం ఆపడం, పీఎఫ్ పోర్టల్‌లో ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానేసిన తేదీ) వేయకుండా ఊరుకోవడం. ఇవన్నీ ఇక్కడ మామూలైపోయాయి. ఎగ్జిట్ తేదీని చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే తన లాగిన్‌లో వేసుకునే వీలు 2020 నుంచి ఉంది కానీ, చాలామందికి తెలియక నా దగ్గరికి ఏడుస్తూ వస్తారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన మనిషికి రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక్క మనిషిని ఇలా ఏడిపిస్తే మిగిలిన 23 మంది తమ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయా అని ఆలోచించడం మొదలుపెడతారు. వాళ్లలో ఎందరికో మనసు విరిగే రోజు అదే అవుతుంది. ఏడాది తర్వాత వాళ్లు మానేసినప్పుడు మీకు ఆ సంబంధం కనిపించదు.

నిజమైన కారణం ఎలా తెలుసుకోవాలి అన్నారు. ఎగ్జిట్ ఫారం పెట్టకండి, దానిలో కూడా 'వ్యక్తిగతం' అనే రాస్తారు. ఆరు నెలల క్రితం మానేసి, వేరే చోట కుదురుకున్నవాళ్లకు ఫోన్ చేయండి. మేనేజరుతో చేయించొద్దు, మీరే చేయండి. కారణం అడగొద్దు. 'మానేద్దామని మొట్టమొదట ఎప్పుడు అనిపించిందమ్మా, ఆ రోజు ఏం జరిగింది' అని అడగండి. ఎందుకు అని అడిగితే మనిషి జవాబు తయారు చేసుకుంటాడు. ఎప్పుడు అని అడిగితే గుర్తు తెచ్చుకుంటాడు. చెప్పేటప్పుడు అడ్డుపడి సమర్థించుకోకండి, చివర థాంక్స్ చెప్పి పెట్టేయండి. తొమ్మిది మందిలో అయిదుగురు మాట్లాడినా చాలు. ముగ్గురు ఒకే మనిషి పేరో ఒకే విషయమో చెబితే మీకు దారి దొరికినట్టే.

ఇప్పుడు మీ సీనియర్ టెక్నీషియన్. ఆమె లెటర్ గురించి మీరు ఒక్క లైను రాశారు, నేను ఆగిపోయింది అక్కడే. నాలుగేళ్ల ఏడు నెలలు. పది మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే చోట అయిదేళ్లు నిండితే, మానేసేటప్పుడు ఓనరు ఇవ్వాల్సిన గ్రాట్యుటీ వస్తుంది. చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లయితే అన్నిసార్లు. ఆమె జీతం ఈ లెక్కకు రూ. 16,900 అనుకుంటే రోజుకు 650, ఏడాదికి 9,750, అయిదేళ్లకు 48,750. ఇంకో అయిదు నెలలు ఆగితే ఆ డబ్బు ఆమెది. రెండింట్లో ఒకటి జరిగి ఉండొచ్చు. ఆమెకు ఈ సంగతి తెలియకపోవచ్చు. లేదా తెలిసి కూడా, దాదాపు మూడు నెలల జీతాన్ని వదులుకుని వెళ్తోంది. తెలిసీ వదులుకుంటోందంటే, మీ సెంటర్‌లో ఇంకో అయిదు నెలలు ఉండటం ఆమెకు ఆ డబ్బు కంటే ఎక్కువ భారంగా ఉంది. అలాంటప్పుడు ఇంకో రెండు వేలు పెంచుతామంటే ఏం లాభం?

కాబట్టి ఈ వారంలోనే, పొద్దుటి శాంపిళ్ల రద్దీ తగ్గాక, ఆమెను కూర్చోబెట్టి మాట్లాడండి. మేనేజరు గదిలో ఉండకూడదు. ముందుగా గ్రాట్యుటీ లెక్క చెప్పండి, ఆమె ఉంటానన్నా వెళ్తానన్నా చెప్పాల్సిన బాధ్యత మీదే. తర్వాత, మానేద్దామని మొదట ఎప్పుడు అనిపించిందో అడగండి. ఇంటి దగ్గర చూసుకోవాల్సినవాళ్లుంటే ఈ అయిదు నెలలు షిఫ్టు మార్చి ఇవ్వగలరేమో చూడండి. ఎవరి మాటో తగిలి ఉంటే ఆ మనిషితో మీరు మాట్లాడతానని చెప్పి, నిజంగా మాట్లాడండి. అయినా వెళ్తానంటే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఆఖరి రోజు సాయంత్రం ఆమె చేతిలో పెట్టండి, పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేయించండి. ఫారాల దగ్గర ఏదైనా సందేహం వస్తే ఇక్కడే అడగండి, రాత్రి తొమ్మిది తర్వాత చూసి జవాబిస్తాను.